విడిపోయే ముందు పాడిన సంతోషం

(నరసాపురంలో పాటలు వినడానికి కూడిన ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం. మధ్యలో వినిపించిన పాటల ముక్కలు బ్రాకెట్లలో సూచించాం.)

అందరికీ నమస్కారమండీ. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి చాపల మీద కూర్చోండి. స్పీకర్లు ఇటువైపే ఉన్నాయి, ఇక్కడ ఇంకా బాగా వినిపిస్తుంది.

ఈవేళ వినబోయేది ‘సైకెడెలిక్ రాక్’ అని విని పొద్దున్న నన్ను ఇద్దరు ముగ్గురు అడిగారు, ‘మాస్టారూ, అవి గంజాయి పాటలాండీ?’ అని. అడగడంలో తప్పు లేదు. 1966, 67 ప్రాంతంలో ఇంగ్లండులోనూ, అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ ఈ సంగీతం ఊపందుకున్నప్పుడు మత్తుమందుల మాట దాని చుట్టూ గట్టిగానే వినపడింది. అయితే సంగీతం పరంగా అప్పుడు జరిగిన పెద్ద మార్పు వేరే ఉంది. అప్పటిదాకా స్టూడియో అంటే పాట పాడేసి వచ్చే గది. ఆ రెండు మూడేళ్ళలో కుర్రాళ్ళు స్టూడియోనే ఒక వాయిద్యంగా వాడడం మొదలుపెట్టారు. టేపు వెనక్కి తిప్పి వాయించడం, ఒకే గొంతు మీద అదే గొంతు మళ్ళీ రికార్డు చేయడం, మన సితారనీ తంబురానీ తీసుకెళ్ళి గిటార్ పక్కన పెట్టడం, ఇవన్నీ అప్పుడు జోరందుకున్నాయి. వినడానికి మనకి ఏ మందూ అక్కర్లేదు. మంచి చెవులు చాలు.

ఈవేళ నేను తెచ్చింది ఆ కాలంలో వచ్చిన ఒక ఆల్బం. పేరు ‘ఒడిస్సీ అండ్ ఒరాకిల్’. చేసినవాళ్ళు ‘ది జాంబీస్’ అనే ఇంగ్లీషు బ్యాండ్. పేరు విని దడుచుకోకండి. ఇంత వెలుతురున్న ఆల్బం నా ఎరుకలో ఇంకోటి లేదు. పన్నెండు పాటలు, మొత్తం ముప్పై అయిదు నిమిషాలు. ఇది విన్నవాళ్ళకి ఎందుకింత హాయిగా ఉంటుంది, ఆ హాయి ఎక్కడి నుంచి వస్తోంది అన్నదే ఈ సాయంత్రం నేను మాట్లాడదలుచుకున్నది. ఎందుకంటే, దీన్ని చేస్తున్నప్పుడు వాళ్ళ పరిస్థితి ఏమీ హాయిగా లేదు.

లండన్‌కి ఉత్తరాన సెయింట్ ఆల్బన్స్ అని ఒక ఊరు. స్కూల్లో చదువుకునే రోజుల్లోనే అక్కడ ఈ బ్యాండ్ మొదలైంది. రికార్డులు చేసేనాటికి అందులో అయిదుగురు. కీబోర్డు రాడ్ ఆర్జెంట్, పాడేది కాలిన్ బ్లన్‌స్టన్, బేస్ గిటార్ క్రిస్ వైట్, గిటార్ పాల్ అట్కిన్సన్, డ్రమ్స్ హ్యూ గ్రండీ. 1964లో మొదటి రికార్డుతోనే అమెరికాలో పెద్ద హిట్టు కొట్టారు. అక్కడ ఏ పాట ఎంత ఆడుతోందో చెప్పే బిల్‌బోర్డ్ పట్టికలో రెండో స్థానం దాకా వెళ్ళింది. అక్కడి నుంచి మూడేళ్ళు ఒక్కో రికార్డూ కిందకే. 1967 వచ్చేసరికి పాటలు రాసే ఆర్జెంట్‌కీ, వైట్‌కీ రాయల్టీ అని కొంత వస్తోంది. మిగతా ముగ్గురికీ చేతిలో డబ్బులు ఆడట్లేదు. అట్కిన్సన్‌కి పెళ్ళి కూడా కుదిరింది. ఇహ ఎన్నాళ్ళండీ ఇలా అని వాళ్ళకి అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

అప్పుడు ఆర్జెంట్, వైట్ ఇద్దరూ ఒకటి అనుకున్నారు. విడిపోతే విడిపోదాం గానీ, ఒక్క ఆల్బం మాత్రం మనకి వినిపిస్తున్నట్టుగా మనమే తయారుచేసుకుందాం అని. అంతకు ముందు రికార్డులు బయటికొచ్చిన తీరు వాళ్ళకి నచ్చలేదు. సీబీఎస్ అనే రికార్డుల కంపెనీ ఒప్పుకుంది. బడ్జెట్ వెయ్యి పౌన్లు. అది పెద్ద మొత్తం కాదు. స్టూడియోలో కూర్చుని ఆలోచిస్తే అయిపోతుంది. కాబట్టి పాటలన్నీ ముందే బాగా ప్రాక్టీసు చేసుకుని, 1967 జూన్‌లో ఈఎంఐ అనే ఇంకో రికార్డుల కంపెనీ వాళ్ళ ఆబీ రోడ్ స్టూడియోకి వెళ్ళారు. ఈఎంఐతో ఒప్పందం లేని బ్యాండ్‌ని అక్కడ లోపలికి రానివ్వడం ఆ రోజుల్లో అరుదు. బీటిల్స్ తమ ‘సార్జెంట్ పెప్పర్’ ఆల్బం అదే చోట పూర్తిచేసి అప్పటికి ఎన్నో వారాలు కాలేదు. ఆ ఆల్బంకి పనిచేసిన ఇంజినీరు జెఫ్ ఎమెరిక్ వీళ్ళ పాటలకి కూడా పనిచేశాడు.

సరే, ముందు మొదటి పాట వినండి. తమ్ముడూ, ఒక నిమిషం చాలు.

(‘కేర్ ఆఫ్ సెల్ 44’ మొదటి నిమిషం)

చూశారా, కాళ్ళు వాటంతటవే ఆడుతున్నాయి. పియానో గంతులేస్తూ వస్తుంది. గొంతు పొద్దున్నే పలకరిస్తున్నట్టు ఉంది. మామూలు ప్రేమ పాట అనుకుంటాం. కానీ అది ఒక ఉత్తరం. జైల్లో ఉన్న అమ్మాయికి అతను రాస్తున్నాడు. పేరులో ఉన్న 44 ఆ అమ్మాయి ఉన్న గది నంబరు. విడుదల దగ్గరపడింది. నువ్వొచ్చేసరికి నీ గది సిద్ధంగా ఉంటుంది, ఎండ బాగా పడే ఆ గదే, మళ్ళీ కొత్తగా పరిచయం చేసుకుందాం, అక్కడి సంగతులు అప్పుడు చెబుదువుగాని అంటాడు. ఏం తప్పు చేసింది, ఎవరిది తప్పు అన్న మాట పాటలో ఎక్కడా రాదు. ఆమె వస్తోంది, అంతే.

మన వైపు ఏ ఊరికి వెళ్ళినా కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేస్తున్న అమ్మో అక్కో ఉన్న ఇల్లు కనపడుతుంది. ఏళ్ళ తర్వాత ఆవిడ ఫలానా తారీకుకి వస్తోందని ఫోనొస్తే ఆ ఇల్లు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? గది కడగడం, పరుపు ఎండబెట్టడం, మొదటి రోజు ఏ కూర వండాలో వారం ముందే తేల్చుకోవడం. ఆవిడ అక్కడ పడ్డ కష్టాలు తర్వాత ఎప్పుడో, రాత్రి అందరూ పడుకున్నాక బయటికొస్తాయి. ముందు మాత్రం ఇల్లంతా హడావిడే. ఈ పాటలో ఉన్నది సరిగ్గా ఆ హడావిడి. అందుకే నాకు ఈ పాట వినగానే పరాయి దేశం పాటలా అనిపించలేదు.

ఇప్పుడు ఆ సంతోషం సంగీతంలో ఎలా కట్టారో చూద్దాం. ఈ కీబోర్డు మీద చూపిస్తాను. మనకి పాటంటే శ్రుతి ఒకటి ఉంటుంది. తంబురా సా, పా పలుకుతూ ఉంటుంది, పాట అయ్యేదాకా అది మారదు. రాగం దాని మీద నడుస్తుంది. మన సంగీతం లోతంతా ఆ కదలకపోవడంలో ఉంది. వీళ్ళ పద్ధతి ఇంకోటి. చూడండి, ‘ప’ మీద నా చిటికెన వేలు. దీన్ని తియ్యను. ఎడమ చెయ్యి మాత్రం మారుస్తాను. (వాయించారు) ఇప్పుడు కింద స, గ ఉన్నాయి. నిండుగా, ధీమాగా ఉందా? ఇప్పుడు కింద గ, ని. (వాయించారు) అదే ‘ప’, కొంచెం దిగులు వచ్చింది. ఇప్పుడు ఎడమ చెయ్యి ఒక్క మెట్టు కిందకి, కోమల గాంధారం మీదకి. (వాయించారు) ఆ! ఆ అమ్మాయి మొహం చూశారా, వెలిగింది! స్వరం అదే, దాని కింద లోకం మారిపోయింది.

ఆర్జెంట్, వైట్ ఇద్దరికీ ఇందులో గొప్ప నేర్పు. పాట వరస తేలిగ్గా, ఎవరైనా కూనిరాగం తీసేలా ఉంటుంది. కింద కార్డులు, అంటే ఇందాక ఎడమ చేత్తో మార్చినట్టు కలిపి పలికే స్వరాలు, మాత్రం మనం అనుకున్న చోటికి వెళ్ళకుండా పక్క సందులోకి తిరుగుతాయి. ఎక్కడికో పోతున్నాడే అనుకునే లోపు మళ్ళీ ఇంటి ముందు తేలతాం. పాట పొడుగునా మనకి చిన్న చిన్న ఆశ్చర్యాలు తగులుతూ ఉంటాయి. పదోసారి విన్నా అవి పాతబడవు. ఎందుకంటే వరస మనకి కంఠతా వచ్చేస్తుంది గానీ, కింద జరిగేది అంత సులువుగా పట్టుబడదు.

రెండోది గొంతులు. రాడ్ ఆర్జెంట్ చిన్నప్పుడు సెయింట్ ఆల్బన్స్ కెథడ్రల్‌లో క్వయర్ కుర్రాడు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగం మంది చర్చి క్వయర్లలో పాడినవాళ్ళే కాబట్టి మీకిది వెంటనే తెలుస్తుంది. ఒకసారి చేద్దాం. ఎడమ వైపు వాళ్ళందరూ ‘సా’ పట్టండి. మధ్యలో వాళ్ళు ‘గా’. కుడి వైపు ‘పా’. సిగ్గుపడకండి. (సభలో నవ్వులు, ఆ తర్వాత మూడు స్వరాలు) ఇంకా... ఊపిరి అయిపోతే తీసుకుని మళ్ళీ పట్టండి. వింటున్నారా, గదిలో ఇంకేదో వచ్చి చేరింది! మనలో ఎవరూ ఒక్కరూ పాడని శబ్దం అది. చాలు, చాలు. బాగుంది.

ఈ ఆల్బంలో ఏ పాట తీసుకున్నా ఆ ‘ఇంకేదో’ ఉంటుంది. మొదటి పాట మధ్యలో వాయిద్యాలు తప్పుకుని గొంతులు ఒక్కసారి ‘ఆ...’ అని విచ్చుకుంటాయి. రికార్డు రెండో వైపు మొదటి పాట ‘చేంజెస్’ అయితే దాదాపు గొంతులతోనే కట్టారు. దాన్లో గిటార్ కోసం వెతక్కండి, దొరకదు. ముందు నిలబడి పాడే బ్లన్‌స్టన్ గొంతు చాలా మెత్తన. గాలి ఎక్కువ, బరువు తక్కువ. ఆ గొంతు అరవదు. రాక్ సంగీతం అంటే అరుపు అనుకునే పెద్దలు ముందు ఆయన్ని వినాలి.

మూడో సంగతి మెలోట్రాన్. ఇది కుర్రాళ్ళ కోసం చెబుతున్నాను. మీ కీబోర్డుల్లో ఫ్లూట్ బటన్ నొక్కితే ఫ్లూట్, వయొలిన్ నొక్కితే వయొలిన్. చిప్పులో ఉంటాయి. అప్పుడు చిప్పులు లేవు. మెలోట్రాన్‌లో ఒక్కో మీట కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది. ఆ టేపు మీద నిజంగా ఎవరో వేణువు మీద ఊదిన ఆ ఒక్క స్వరం ఉంటుంది. మీట నొక్కితే టేపు నడుస్తుంది, ఎనిమిది సెకన్లు. అంతే, తర్వాత టేపు అయిపోతుంది. వేలు తీస్తే అది మొదటికి పోతుంది. అందుకని వాయించేవాడు ఎనిమిది సెకన్ల లోపు వేలు తీసి మళ్ళీ పెట్టాలి. పైగా టేపు కాబట్టి స్వరం అంచుల్లో సన్నగా వణుకుతుంది. ఆబీ రోడ్‌లో వీళ్ళకి దొరికిన మెలోట్రాన్ జాన్ లెనన్ వదిలి వెళ్ళిందని ఆర్జెంట్ ఇంటర్వ్యూల్లో చెబుతుంటాడు. ఆర్కెస్ట్రాని పిలిపించుకునేంత డబ్బు వీళ్ళకి లేదు. ఈ పెట్టె దొరికింది, దాంతోనే ఆర్కెస్ట్రా చేసుకున్నారు. ‘హంగ్ అప్ ఆన్ ఎ డ్రీమ్’ పాటలో వయొలిన్లు మంచులోంచి వస్తున్నట్టు ఉంటాయి. ఆ మంచు ఈ టేపుల వణుకే. ఇవాళ వేల రూపాయల సాఫ్ట్‌వేర్ పెట్టి కంప్యూటర్లో అదే వణుకుని తెప్పించుకుంటున్నారు.

ఇక, సంతోషం ఎక్కడి నుంచి వస్తోందని అడిగాను కదా. కార్డులు, గొంతులు, మెలోట్రాన్ అన్నీ నిజమే. కానీ నాకు అసలు జవాబు దొరికింది చివరి నుంచి రెండో పాటలో. ‘ఫ్రెండ్స్ ఆఫ్ మైన్’. ప్రేమ పాటలు మీరు ఎన్ని విన్నా అవి రెండు రకాలు. దొరికిందని సంబరం, దొరకలేదని ఏడుపు. ఈ పాటలో పాడేవాడికి ఏ అమ్మాయీ లేదు. తన స్నేహితుల జంటల్ని చూసి, వాళ్ళు అంత బాగున్నారు కాబట్టి నాకు బాగుంది అంటున్నాడు. వెనక గొంతులు జంటల పేర్లు వరసగా పాడతాయి, పెళ్ళి శుభలేఖలు చదివినట్టు. అవి నిజంగా వాళ్ళ స్నేహితుల పేర్లే. అందులో కుళ్ళు లేదు, నాకెప్పుడో అన్న నిట్టూర్పు లేదు. ఎదుటివాడి బాగు చూసి పొంగిపోవడం మీద ఇంత ఉత్సాహంగా కట్టిన పాట నేను ఇంకెక్కడా వినలేదు. రాసిన క్రిస్ వైట్‌కి ఆ నెలల్లో తన బ్యాండ్ చెయ్యి జారిపోతోందని తెలుసు. ఆ స్థితిలో ఉన్న మనిషి కూర్చుని ఈ పాట రాశాడంటే నాకు ఆయన మీద చెప్పలేనంత గౌరవం.

మొదటి పాట మళ్ళీ గుర్తు తెచ్చుకోండి. అక్కడా సంతోషం ఆమె విడుదల గురించే. ‘ఎ రోజ్ ఫర్ ఎమిలీ’ దిగులు పాటే, ఊరందరి ప్రేమలకీ గులాబీలు పూయించి తనకంటూ ఒక్క పువ్వు దక్కని మనిషి కథ. కానీ అందులోనూ చూపు ఆమె మీదే. ఈ ఆల్బం ఆసాంతం కళ్ళు ఎదుటి మనిషి మీద ఉంటాయి. నేనూ, నా బాధా అంటూ లోపలికి ముడుచుకునే పాటలు తక్కువ.

అంతా తీపే అనుకునేరు. పదో పాట ‘బుచర్స్ టేల్’ మొదటి ప్రపంచ యుద్ధం మీద. మాంసం కొట్టువాడు సిపాయిగా వెళ్ళి కందకంలో కూర్చుని చేతులు వణుకుతుంటే ఇంటికి పోనివ్వండి అని మొత్తుకుంటాడు. క్రిస్ వైట్ తనే పాడాడు. వెనక కాళ్ళతో తొక్కే పాత ఆర్గన్. మన పద్య నాటకాల లెగ్ హార్మోనియం విన్నవాళ్ళకి ఆ ఊపిరి శబ్దం బాగా తెలుసు. దానికి అటు వైపు ‘దిస్ విల్ బీ అవర్ ఇయర్’, ఈ ఏడాది మనదేనని చెప్పే రెండు నిమిషాల పాట. ఇటు వైపు ‘ఫ్రెండ్స్ ఆఫ్ మైన్’. యుద్ధాన్ని ఆ రెండింటి మధ్య పెట్టారు. వరస అలా పెట్టడం వల్లే ఆ రెండు పాటల సంతోషం చవకబారుగా వినపడదు. అమెరికాలో కంపెనీవాళ్ళు ఏం చేశారంటే, వియత్నాం యుద్ధం జరుగుతోంది కదా అని ముందు ఈ పాటనే సింగిల్‌గా, అంటే విడి పాట రికార్డుగా వదిలారు. నడవలేదు.

ఆఖరి పాట ‘టైమ్ ఆఫ్ ది సీజన్’. మొదటి పది సెకన్లు వినండి.

(వినిపించారు)

బేస్ గిటార్, డ్రమ్, చప్పట్లు, ఆ తర్వాత ‘హా...’ అని ఒక ఊపిరి. నాలుగే ముక్కలు, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీయే పాటని నడిపిస్తోంది. మన డప్పు కళాకారులకి ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. దీన్ని రాసి అప్పటికి ఎంతోసేపు కాలేదట. బ్లన్‌స్టన్‌కి వరస ఇంకా పట్టుబడలేదు. ఆర్జెంట్ రికార్డింగు గది గాజు అద్దం అవతల నుంచి అలా కాదు, ఇలా అంటుంటే, అంత తెలిస్తే నువ్వే పాడుకో అని ఆయన కోప్పడ్డాడు. లేదు, నువ్వే పాడాలి, నువ్వే మా గాయకుడివి అని ఆర్జెంట్ పట్టుబట్టాడు. ఆయన పాడాడు. ఈ కథ ఇద్దరూ తర్వాత చెప్పుకున్నారు.

రికార్డింగు పూర్తయింది, చేతిలో డబ్బులు అయిపోయాయి. అప్పుడు కంపెనీ స్టీరియో, అంటే రెండు స్పీకర్లకి వేరువేరుగా కలిపిన రికార్డు, కూడా కావాలంది. దాని ఖర్చు ఆర్జెంట్, వైట్ సొంత జేబుల్లోంచి పెట్టుకున్నారు. అట్ట మీద బొమ్మ వైట్‌తో ఒకే ఇంట్లో ఉంటున్న టెర్రీ క్వర్క్ వేశాడు, రంగుల పూలతో. ఆ బొమ్మ మీద పేరులో ఒక అక్షరం తప్పు పడింది. అలాగే అచ్చయిపోయింది. సింగిల్స్ ఆడలేదు. 1967 డిసెంబర్‌కి బ్యాండ్ విడిపోయింది. ఆల్బం ఇంగ్లండులో విడుదలైంది 1968 ఏప్రిల్‌లో. అంటే కొట్లోకి వచ్చేనాటికి చేసినవాళ్ళు ఎవరి దారిన వాళ్ళున్నారు.

బ్లన్‌స్టన్ లండన్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. అమెరికాలో అల్ కూపర్ అనే సంగీతకారుడు ఈ ఆల్బం మీద మనసు పడి కొలంబియా కంపెనీ వాళ్ళ వెంటపడి అక్కడ విడుదల చేయించాడు. 1969 మొదట్లో ‘టైమ్ ఆఫ్ ది సీజన్’ బిల్‌బోర్డ్‌లో మూడో స్థానానికి వెళ్ళింది. పాట హిట్టు, బ్యాండ్ లేదు! ఊరికే ఉంటారా, నకిలీ జాంబీస్ బయల్దేరి అమెరికాలో కచేరీలు చేశారు. అందులో ఇద్దరు తర్వాత ‘జీజీ టాప్’ బ్యాండ్‌తో పేరు తెచ్చుకున్నారు. అసలువాళ్ళని మళ్ళీ కలవమని అడిగితే ఒప్పుకోలేదు. ఆర్జెంట్ అప్పటికి కొత్త బ్యాండ్ పనిలో ఉన్నాడు, మధ్యలో వదిలి రావడం అతనికి ఇష్టం లేదు.

తర్వాతిది తొందరగా చెప్పేస్తాను. చెవుల మీదుగా చెవులకి చేరి ఆల్బం నిలబడింది. 2003లో ‘రోలింగ్ స్టోన్’ పత్రిక 500 గొప్ప ఆల్బంల పట్టికలో దీనికి 80వ స్థానం ఇచ్చింది. 2004లో అట్కిన్సన్ పోయాడు. 2008లో మిగిలిన నలుగురూ లండన్‌లో కలిసి, నలభై ఏళ్ళ తర్వాత, ఈ ఆల్బం మొత్తం వేదిక మీద పాడారు. విడిపోయినప్పుడు తగువులు పెట్టుకోలేదు కాబట్టే అది కుదిరింది. 2019లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

ఏంటమ్మా, అడుగు... గట్టిగా అడుగు, వెనక వాళ్ళకి కూడా వినపడాలి. ‘ఇంగ్లీషు మాటలు అర్థం కాకపోతే ఆ సంతోషం అందుతుందా మాస్టారూ?’ అంటోంది. మంచి ప్రశ్న. కొంత అందదు, ఒప్పుకోవాలి. జైలు సంగతి తెలియకుండా మొదటి పాట సగమే. అందుకే పాటల భావం ఇక్కడ చెప్పుకుంటూ వచ్చాను. కానీ ఇందాక మీరు సా, గా, పా పట్టినప్పుడు దానిలో మాటలేం లేవు కదమ్మా. అయినా నీ పక్కనున్న పిల్ల నవ్వింది, నేను చూశాను.

సరే, టీ తాగి వచ్చాక ఆల్బం మొత్తం ఆపకుండా వేస్తాం. ‘బుచర్స్ టేల్’ దగ్గర భారంగా అనిపిస్తుంది, లేచి వెళ్ళిపోకండి, తర్వాతి పాట కోసం కూర్చోండి. క్వయర్ పిల్లలకి ఒక మాట. వచ్చే నెల మనం ‘దిస్ విల్ బీ అవర్ ఇయర్’ పాడదాం. చిన్న పాట, వరస రెండు రోజుల్లో వస్తుంది. కింది గొంతు, పై గొంతు ఎవరెవరో ఈ రాత్రే అనుకుందాం. కీబోర్డు నేను వాయిస్తాను. డ్రమ్స్ అబ్బాయి మాత్రం మెల్లిగా కొట్టాలి, మాటలు వినపడాలి. టీ వచ్చినట్టుంది, రండి.